మా ఆవిడ మీద నలభై బిట్లు

మా ఆవిడను మేం పక్క వీధి ఆవిడ చీరలో సాగనంపాం. ఈ సంగతి మొదటే చెప్పేయడం మంచిది. తరువాత జరిగిన భాగోతానికంతటికీ మూలం అదే, ఆ తప్పు పూర్తిగా నాదే.

మా ఆవిడ చీరలకు ఫాల్స్ కుట్టేది. అవసరం ఉండి కాదు, చేతులు ఊరికే ఉంటే ఆవిడకు తోచదు. అశోక్ నగర్ మొదలుకొని చిక్కడపల్లి మార్కెట్ దాకా ఎందరి చీరల అంచుల్లోనో ఆవిడ దారం ఉంది. కుట్టాల్సిన చీరలన్నీ బీరువాలో తన చీరల పక్కనే పెట్టుకునేది. ఆవిడ పోయిన రోజు గదిలో ఉన్న ఆడవాళ్ళు, "మంచి పట్టుచీర ఒకటి తీసివ్వండి బాబాయిగారూ" అన్నారు. మా అమ్మాయి వరండాలో నిలబడి బంధువులకు ఫోన్లు చేస్తోంది. నేను బీరువా తెరిచాను. కళ్ళలో నీళ్ళు, ఎదురుగా చీరలు. అన్నిటికంటే కొత్తగా, మడత నలగకుండా కనిపించిన మామిడిపండు రంగు చీర తీసిచ్చాను. ఇంత మంచి చీర దాచుకుని ఒక్కసారైనా కట్టుకోలేదే పిచ్చిది అనుకుని ఇంకాస్త ఏడ్చాను కూడా.

మూడో రోజు పక్క వీధి ఆవిడ వచ్చింది. పద్ధతిగా కూర్చుంది, పద్ధతిగా ఏడ్చింది. కళ్ళు తుడుచుకున్నాక గొంతు తగ్గించి, "అన్నయ్యగారూ, ఈ టైంలో అడక్కూడదు గానీ, మా మామిడిపండు రంగు చీర ఫాల్ అయిపోయిందాండీ?" అంది.

అమ్మాయి నా మొహం చూసింది, వెళ్ళి బీరువా తెరిచింది, వచ్చి మళ్ళీ నా మొహం చూసింది. చెప్పక తప్పలేదు. పక్క వీధి ఆవిడ "ఫాల్ మొత్తం కుట్టాకేనా?" అని అడిగింది. మా మనవరాలు పదో తరగతి చదువుతోంది, ఏదీ కడుపులో దాచుకోదు. "సగమే కుట్టింది ఆంటీ. మిగతా సగానికి గుండుసూదులున్నాయి. నేనే తీశాను" అంది. "పోనీలెండి, వదినగారికి ఆ రంగంటే మహా ఇష్టం" అని ఆవిడ కాఫీ తాగి వెళ్ళిపోయింది. మనిషంటే అలా ఉండాలి.

మా అమ్మాయి అలా ఊరుకునే రకం కాదు, నా కూతురు కదా. గేటు చప్పుడయ్యేదాకా ఆగి, "నలభై నాలుగేళ్ళు కాపురం చేశావు నాన్నా. అమ్మ చీర ఏదో పరాయి చీర ఏదో తెలియదా? అసలు అమ్మ గురించి నీకేం తెలుసు?" అంది. అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

నేను ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. ఎంతటి మెమోకైనా జవాబు రాశాను. ఈ ఒక్కదానికి జవాబు దొరకలేదు. మా ఆవిడంటే నాకు ప్రాణం. ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకూ తెలుసనే అనుకుంటున్నాను. కానీ ప్రాణం అని చెబితే సరిపోయేలా లేదు, అమ్మాయి అడిగింది ఏం తెలుసు అని.

మా పై వాటాలో ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళు ఉంటారు. అశోక్ నగర్‌లో వాళ్ళు లేని పై వాటా లేదు. జిల్లాల నుంచి వస్తారు, గదికి నలుగురు చొప్పున సర్దుకుంటారు, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తారు. అందరిలోకీ పెద్దవాణ్ణి మిగతావాళ్ళు సీనియర్ అంటారు. ముప్పై నాలుగేళ్ళుంటాయి. ఎనిమిదేళ్ళ క్రితం ఒత్తయిన జుట్టుతో మా ఇంట్లో దిగాడు, ఆ జుట్టంతా మా ఇంట్లోనే రాలిపోయింది. రోజూ మధ్యాహ్నం మా ఆవిడ మెట్ల మీద కూర్చుని, ఒళ్ళో గోరుచిక్కుళ్ళు, పక్కన బిట్ బ్యాంకు పెట్టుకుని వాళ్ళను ప్రశ్నలడిగేది. పీచు తీస్తూ రాజ్యాంగ సవరణలు, తొడిమలు తుంచుతూ కాకతీయులు. స్కూలు ఫైనల్లో లెక్కలు తప్పిన మనిషి, పదేళ్ళలో దేశంలోని నదులన్నీ ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తాయో నాకు అన్నం వడ్డిస్తూ చెప్పేది. నేను అడగకుండానే చెప్పేది. వినకుండానే తినేవాణ్ణి.

పదో రోజు సాయంత్రం సీనియర్, అతని వెనక మరో ఆరుగురు కిందికి దిగొచ్చి వరుసగా నిలబడ్డారు.

"అంకుల్, పన్నెండో దినం ఆంటీ యాదిల ఏమన్న చేద్దామనుకుంటున్నం" అన్నాడు సీనియర్. "సభ పెడితే మైకుల మాట్లాడాలె. మాకు మాట్లాడుడు రాదు, ఏడుపొస్తది. మాకు వచ్చింది ఒక్కటే. పేపర్ సెట్ చేస్తం."

"ఏం పేపరు?"

"ఆంటీ మీద. నలభై బిట్లు. చుట్టాలందరూ రాయాలె. ఆంటీ లైఫ్ మొత్తం సిలబస్."

కాస్త బుద్ధున్నవాడెవడైనా వాళ్ళను కసిరి పైకి పంపేస్తాడు. నాకూ నోటి చివరిదాకా వచ్చింది. అప్పుడు గుమ్మం దగ్గర అమ్మాయి కనిపించింది. నవ్వుతోంది. తల్లి పోయాక మొదటిసారి. నవ్వుతూనే నా వైపు చూసి, "నాన్న కూడా రాయాలి" అంది.

"రాస్తాను. క్వాలిఫై అవుతాను కూడా" అన్నాను.

అన్నాక మొదలైంది నాకు గుబులు. క్వాలిఫై కావడానికి నలభై శాతం, అంటే పదహారు మార్కులు రావాలి. తప్పు జవాబుకు పావు మార్కు కోత. సీనియర్ బృందం రెండు రోజులు నాలుగు దిక్కులా తిరిగింది. కూరగాయల వాళ్ళను అడిగారు, హైదర్‌గూడలో ఉండే మా బావమరిదిని అడిగారు, అమ్మాయిని అడిగారు, పక్క వీధి ఆవిడను ఒక పూటంతా కూర్చోబెట్టుకుని అడిగారు. నన్ను మాత్రం ఒక్క ముక్క అడగలేదు. క్వాలిఫై అవుతానని సవాలు చేసినవాణ్ణి అడగకూడదట. నేను పడక్కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని మా ఆవిడను రివిజన్ చేశాను. పెళ్ళి నుంచి మొదలుపెట్టి వరసగా వద్దామనుకుంటే మధ్యలో ప్రతిచోటా నా ఆఫీసు, నా ప్రమోషన్, నా గొడవే అడ్డం వచ్చాయి. మనవరాలిని బతిమాలాను. "కాన్ఫిడెన్షియల్ తాతయ్యా" అని చేతులు కట్టుకుంది.

పన్నెండో రోజు భోజనాలకు ముందే పరీక్ష పెట్టారు, తిన్నాక చుట్టాలు ఆగరని. డాబా మీద షామియానా, కింద వరుసగా కుర్చీలు, కుర్చీకో అట్ట. మెట్ల దగ్గర సెల్‌ఫోన్లన్నీ గంగాళంలో వేయించుకున్నారు. మనవరాలు స్టాంపు ప్యాడుతో అందరి వేలిముద్రలూ తీసుకుంది. మా పెద్దక్క, ఎనభై దాటిన మనిషి, ఆస్తి కాగితాలేమో అనుకుని వేలు వేయనని మొండికేసింది.

మా బావమరిది నారాయణగూడ చౌరస్తాలో ట్రాఫిక్‌లో చిక్కుకుని ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చాడు. డాబా తలుపు వేసేశారు.

"వన్ మినిట్ లేట్ సార్. గేట్ బంద్" అన్నాడు సీనియర్ లోపల్నుంచి.

"అది మా అక్క కర్మ అయ్యా!"

"తెలుసు సార్. పోయినేడు నేను గిట్లనే ఒక్క నిమిషానికి గ్రూప్స్ పోగొట్టుకున్న. రూల్ అంటే రూలే."

పాపం, బావమరిది మెట్ల మీద కూర్చుని ఆ గంటా ఏడ్చాడు. పరీక్ష పోయినందుకో, అక్క పోయినందుకో అడగలేదు.

పేపరు తెరిచాను. నల్ల బాల్ పెన్నుతో గడులు నింపాలి. మొదటి ప్రశ్నకే చెమట పట్టింది. ప్రతిపాదన: ఆంటీ శనివారం శనివారం చిక్కడపల్లి గుడికి తప్పక వెళ్ళేది. కారణం: అక్కడి పులిహోర. ప్రతిపాదన నిజమా, కారణం నిజమా, కారణం ప్రతిపాదనకు సరైన వివరణా? భక్తి అనుకున్నాను నేను ఇన్నేళ్ళూ. ఇంకోచోట జతపరచమన్నారు: ఆవిడ నాలుగు జతల చెప్పులు ఒకవైపు, వాటితో వెళ్ళే చోట్లు ఒకవైపు. నాలుగు జతలున్నాయని నాకు ఆ పేపరులోనే తెలిసింది. నా పక్క కుర్చీలో పక్క వీధి ఆవిడ తల ఎత్తకుండా గడులు నింపేస్తోంది. ఒకసారి ఆవిడ షీటు వైపు ఓరగా చూశాను. "అంకుల్, ముందుకు చూడుండ్రి" అన్నాడు సీనియర్, యాభై మంది మధ్యలో. నాకు తల కొట్టేసినట్టయింది.

ఫలితాలు భోజనాల దగ్గరే చదివారు. పక్క వీధి ఆవిడకు ముప్పై ఒకటింబావుతో మొదటి ర్యాంకు. నాకు పద్నాలుగు ఒప్పులు, ఇరవై ఆరు తప్పులు, కోత పోను ఏడున్నర. మా పెద్దక్కకు పది. ఆవిడ అన్నీ మొదటి గడే నింపిందట. అమ్మాయి వచ్చి నా విస్తట్లో ఇంకో గారె వేసి వెళ్ళిపోయింది. అది నాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

అయితే ఈ పరీక్షల లోకంలో ఒక మంచి పద్ధతి ఉంది. మొదట వచ్చే జవాబుల కీ ఆఖరుది కాదు, దానికి ప్రాథమిక కీ అని పేరు. తప్పనిపిస్తే మూడు రోజుల్లోగా అభ్యంతరం పెట్టుకోవచ్చు, ఆధారం చూపించాలి. లెక్క వేసుకున్నాను. ఒక్కో అభ్యంతరం నెగ్గితే ఒక మార్కు కలిసి, కోసిన పావు తిరిగొస్తుంది. ఏడు నెగ్గితే గట్టెక్కుతాను. తెల్ల కాగితాల కట్ట తీశాను. నా జీవితంలో నాకు బాగా వచ్చిన పని ఒక్కటే, కాగితం మీద వాదించడం.

నిపుణుల సంఘం మా భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. అధ్యక్షుడు సీనియర్, సభ్యులు అమ్మాయి, మనవరాలు. నేను నిలబడి వాదించాలి.

మొదటిది నెగ్గాను. ఆవిడ పెళ్ళయి వచ్చినప్పుడు హైదరాబాదులో దిగిన స్టేషన్ సికింద్రాబాద్ అని కీ. కాదు, నాంపల్లి. సికింద్రాబాదులో నేను నిద్రపోయాను. కొత్త మొగుణ్ణి అందరి ముందూ తట్టి ఎలా లేపడం అని ఆవిడ కిటికీలోంచి ప్లాట్‌ఫారం చూస్తూ కూర్చుంది. ప్లాట్‌ఫారం మీద పూలదండ పట్టుకుని, అప్పుడు నగరంలో చదువుకుంటున్న మా బావమరిది నిలబడి ఉన్నాడు. కళ్ళముందు తమ్ముడు, పక్కన గురక పెట్టే మొగుడు, బండి కదిలింది. బావమరిదికి ఫోన్ చేస్తే, "నాకు ఇప్పటికీ కోపమే" అన్నాడు. ఆధారం సరిపోయింది.

కాజాల దగ్గర బోల్తా పడ్డాను. ఆవిడకు ఇష్టమైన స్వీటు అన్న ప్రశ్నకు కాజా అని నింపాను. కీలో 'పైవేవీ కావు' అని ఉంది. నేను మండిపడ్డాను. ఇంట్లో మాటామాటా వచ్చినప్పుడల్లా నారాయణగూడ వెళ్ళి అరకిలో కాజాలు తెచ్చేవాణ్ణి. క్షమించు అనడం నాకు చేతకాదు, కాజా తేవడం చేతనవును. మా గొడవలకు లెక్క లేదు కనుక కాజాలకూ లెక్క లేదు. ఆవిడకు ఇష్టం కాకపోతే ఇన్నేళ్ళు ఎవరు తిన్నారు?

సీనియర్ తల వంచుకున్నాడు. "ఏమనుకోకుండ్రి అంకుల్. మేమే తిన్నం. మీరు తేంగనే ఆంటీ డబ్బ పైకి పంపేది. 'అంకుల్ సారీ చెప్పిండు, తినుండ్రి' అనేది. నాకు ఇప్పుడు జర షుగర్ గూడ ఉంది."

తిరస్కరించడమైనది.

తరువాత ఇంకో ఐదు వరసగా నెగ్గాను. ఆవిడకు బల్లులంటే భయం కాదు, బొద్దింకలంటే భయం. బల్లిని చూసి అరిచేది మా అమ్మ. ఆవిడ కుడిచేతి వాటం నిజమే కానీ కత్తెర మాత్రం ఎడమ చేత్తో పట్టేది, చూడండి ఈ కత్తెర పిడి ఎటు అరిగిందో. కుక్కర్ రెండో విజిల్‌కు ఆవిడ "ఆగు" అనేది, మూడోదానికి కాదు. ఇలాంటివి నాకు తెలుసని నాకే తెలియదు. ఒక్కొక్కటీ చెబుతుంటే అమ్మాయి మొహం కాస్త కాస్త మెత్తబడుతోంది, నాకు హుషారు పెరుగుతోంది.

హుషారులోనే ముప్పై మూడో ప్రశ్న ఎత్తాను. ఆంటీ కోపం వచ్చి ఇల్లు విడిచి వెళ్ళిపోయినది ఎన్నిసార్లు? నేను సున్నా నింపాను. కీలో మూడు.

"ఇది పచ్చి అబద్ధం. ఆవిడ ఏ రోజూ గడప దాటలేదు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి రోజూ టీ సిద్ధంగా ఉండేది" అన్నాను.

"నాలుగింటికల్లా తిరిగొచ్చేసేది నాన్నా" అంది అమ్మాయి. "హైదర్‌గూడలో మామయ్య వాళ్ళింటికి వెళ్ళేవాళ్ళం. నన్ను తీసుకెళ్ళేది. కూరగాయల సంచీలో నా గౌన్లు రెండు పెట్టుకునేది, ఇంక రాననుకుని. అక్కడ అన్నం తిన్నాక, 'మీ నాన్నకు టీ టైమవుతోంది' అని లేచేది."

నేను ఊరుకున్నానా? సెక్షన్ ఆఫీసరు బుద్ధి ఎక్కడికి పోతుంది! వెళ్ళిపోతున్నట్టు అవతలి పక్షానికి తెలియజేయనప్పుడు దాన్ని వెళ్ళిపోవడం అనడానికి వీల్లేదని, అది మహా అయితే సాధారణ సెలవు అవుతుందని పావుగంట వాదించాను. మనవరాలు నోట్ చేసుకుంటూ, "తాతయ్యా, అమ్మమ్మ వెళ్ళిపోయిందని నీకు తెలియకపోవడమే ఇందులో పాయింట్ కదా" అంది. వాదన మానేసి కూర్చున్నాను. మూడుసార్లు వెళ్ళిపోయింది, మూడుసార్లు తిరిగొచ్చింది, నేను మూడుసార్లూ టీ తాగాను.

మూడో రోజు సాయంత్రం ఐదింటికి గడువు. నాలుగున్నరకు నా లెక్క పదిహేను మార్కులు. ఇంకొక్కటి నెగ్గితే చాలు. మిగిలిన తప్పులన్నీ నిఖార్సయిన తప్పులు, ఒక్క నలభయ్యోది తప్ప. నేను ఆ కాగితం చేతిలో పట్టుకుని అరగంటగా తిరుగుతున్నాను.

ఆంటీ చివరి మాట ఏది? కీ ప్రకారం (ఎ) 'అందరూ జాగ్రత్త'. నేను నింపింది (డి) పైవేవీ కావు.

"గిదేంది అంకుల్?" అన్నాడు సీనియర్ నా షీటు చూసి. "గిది మీరు అందరికి చెప్పిందే కద. మేము మీ మాట పట్టుకునే కీ రాసినం."

"వదిలేయండి, ఏదో పొరపాటున నింపి ఉంటాడు. పదిహేను చాలు నాన్నా, గ్రేస్ మార్కు వేసుకుందాం" అంది అమ్మాయి. ఆ గొంతులో కోపం లేదు. నన్ను క్షమించేసింది అప్పటికే. నేను సరే అని ఉంటే అక్కడితో అయిపోయేది.

"గ్రేస్ మార్కు వద్దు. అభ్యంతరం పెడుతున్నాను" అన్నాను.

"ఆధారం?"

"నేనే."

కూర్చోబుద్ధి కాలేదు, నిలబడే చెప్పాను. "ఆ రోజు పదకొండింటికి ఆస్పత్రి నుంచి నువ్వు పిల్లను స్కూలు నుంచి తేవడానికి వెళ్ళావు. మీ అమ్మ నా మొహం చూసి, 'మీకు ఆకలేస్తోంది, వెళ్ళి ఏదైనా తినేసి రండి' అంది. నేను వద్దనలేదు. ఆకలేస్తోంది నిజంగానే. నారాయణగూడలో టిఫిన్ సెంటర్‌కు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. ఆఖర్న ఏమైనా అందా అని నర్సును అడిగాను. ఆ అమ్మాయి పక్క మంచం దగ్గర ఉందట, వినలేదట. నువ్వు పరిగెత్తుకొచ్చి, 'అమ్మ ఏమంది నాన్నా' అన్నావు. నేనక్కడ లేనని చెప్పడానికి నోరు రాలేదు. 'అందరూ జాగ్రత్త' అందని చెప్పాను. మీ అమ్మ బతుకులో ఎప్పుడైనా అలాంటి మాట అందా? ఆ మాట నాది. మీ అమ్మ ఆఖరి మాట ఏమిటో నాకు తెలియదు. డి సరైన జవాబు."

సీనియర్ పెన్ను తీశాడు, కింద పెట్టాడు, చొక్కా చేత్తో మొహం తుడుచుకుని మళ్ళీ తీశాడు. 'అంగీకరించడమైనది' అని రాశాడు. మనవరాలు కూడి, పదహారుంబావు అని చాలా చిన్న గొంతుతో చదివింది. క్వాలిఫై అయ్యాను.

అమ్మాయి నా వైపు చూడలేదు. బల్ల మీద గీతను గోటితో గీకుతూ ఉంది. అలా గీకుతూనే, "ఏం తిన్నావు నాన్నా?" అని అడిగింది.

"పెసరట్టు."

"బాగుందా?"

ఏడుపు ఆగలేదు నాకు. ఇద్దరు పిల్లల ముందు, పరాయివాడి ముందు, వెక్కి వెక్కి ఏడ్చాను.

"చాలా బాగుందమ్మా" అన్నాను. "ఇంకోటి చెప్పాను. అది వచ్చేదాకా కూర్చున్నాను."